ఎత్తు మీద నుంచి చూసినాయన

“హాలీ మొక్క అక్కడ కాదమ్మా. గేటు నుంచి పన్నెండు అడుగులు ఇవతలికి.”

నెస్టా పార ఆపి తలెత్తింది.

బాట పక్కన ఓ ముసలాయన. తడిసిన టోపీ, మోకాళ్ల దాకా బురద.

ఆ వేల్స్ కొండల్లో ఏ కుక్క ఏ ఇంటిదో కూడా ఆమెకు తెలుసు. ఈయనెవరో మాత్రం తెలియదు.

“మీకెలా తెలుసు పెద్దాయనా?”

“ఒకప్పుడు అక్కడే ఉండేది. దాని పక్కన మూడు హేజెల్ చెట్లు. ఆ తర్వాత అడవి యాపిల్. ఒకసారి ఎత్తు మీద నుంచి చూశాను.”

కొండ మీద నుంచి కాబోలు అనుకుంది నెస్టా.

ఆయన చెప్పింది నిజం. ఏడాదంతా ముళ్లాకులతో గుబురుగా ఉండే ఆ హాలీ చెట్టు చాటునే నాన్న గాలికి వీపు పెట్టి కూర్చునేవాడు. ఎండుద్రాక్ష రొట్టెను సగానికి విరిచి, పెద్ద ముక్క ఆమెకిచ్చేవాడు. గౌను నిండా హేజెల్ కాయలతో ఇల్లు చేరేది ఆమె.

ఆమెకు ఏడేళ్లప్పుడు పసుపు పచ్చ యంత్రం వచ్చింది. చేలు పెద్దవి కావాలని, చేల మధ్య చెట్ల దడులు పీకేసేవాళ్లకు సర్కారు సాయం ఇచ్చిన రోజులవి. మూడు రోజుల్లో అంతా నేలమట్టం. ఆ మూడు రోజులూ నాన్న ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఒక్క హేజెల్ కూడా మిగల్లేదు. ‘హేజెల్ పొలం’ అన్న పేరు మాత్రం మిగిలింది.

ఇప్పుడు అదే సర్కారు మన నేల మొక్కలతో దడి నాటమని సాయం ఇస్తోంది. కొడుకు గెథిన్ దరఖాస్తు పెట్టాడు. ఎనిమిది వందల మొక్కలు వచ్చాయి, ఎక్కువగా ముళ్ల మొక్కలే.

“పీకినప్పుడూ సర్కారు సొమ్మే, నాటినప్పుడూ సర్కారు సొమ్మే!” అని నవ్వింది నెస్టా.

ముసలాయన నవ్వలేదు. వంగి, హాలీ మొక్కను తీసి, పన్నెండు అడుగులు లెక్కపెట్టి నాటాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పేరు ఎమ్రిస్ అట. ఉండేది లోయ అవతల.

“టీ తాగుదురు, లోపలికి రండి.”

“బూట్లకు బురదమ్మా.”

రోజూ అదే జవాబు. గేటు దగ్గరే నిలబడి తాగేవాడు.

నెస్టాకు మొక్కల మీదే ప్రాణం. మంచు పడితే భయం. కుందేలు కనబడితే భయం.

“వానొస్తే కుళ్లిపోతాయంటావు, రాకపోతే ఎండిపోతాయంటావు. దేవుడు ఏం చెయ్యాలో చీటీ రాసి చాపెల్‌లో పెట్టి రా అమ్మా!” అని ఆటపట్టించేవాడు గెథిన్.

నవ్వులాటేముంది? వసంతంలో తనిఖీ. మొక్కలు నిలదొక్కుకోకపోతే సాయం పోతుంది. అది పోతే పోయింది. నాన్న దడి రెండోసారి చావడం చూసే ఓపిక తనకు లేదు.

ఒకరోజు ఎమ్రిస్ మెల్లగా అన్నాడు. “ముళ్ల మొక్కల్ని జానెడు ఉంచి కోసేయాలమ్మా.”

“సర్కారు పంపిన కాగితంలో కూడా అదే ఉంది” అన్నాడు గెథిన్.

“నా కంఠంలో ప్రాణముండగా కొయ్యనివ్వను. నాటిన చేత్తోనే తల నరుకుతారా ఎవరైనా?”

గెథిన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం చాపెల్ నుంచి వస్తూ పొలం వైపు చూసిన నెస్టా గేటు దాకా పరుగెత్తింది.

సగం వరస జానెడుకు దిగిపోయింది. ఎమ్రిస్ మోకాళ్ల మీద కూర్చుని, కత్తెరతో ఇంకా కోస్తూనే ఉన్నాడు.

“అయ్యో! ఏం చేశావయ్యా!”

“కోస్తేనే మొదట్లోంచి గుబురుగా...”

“చాలు! ఈ దడిని ఒకసారి చంపినవాళ్లు చాలరా? మళ్లీ నువ్వు దాపురించావా? కత్తెర అక్కడ పెట్టి నడు!”

ఆయన ముఖం పాలిపోయింది. కత్తెర గేటు మీద పెట్టాడు. టోపీ తీసి ఏదో చెప్పబోయాడు. మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రాలేదు.

వసంతం వచ్చింది.

కోసిన ప్రతి మొక్కకూ మొదట్లోంచి నాలుగైదు కొమ్మలు. గుబురు కట్టడం మొదలుపెట్టాయి. కొయ్యని సగం మాత్రం పుల్లల్లా నిలబడింది. కింద అంతా సందులే.

తనిఖీకి వచ్చినామె వంగి చూసింది. “ఇటు సగం కోసిందెవరు? పని తెలిసిన చెయ్యి. వచ్చే చలికాలం మిగతాది కూడా ఆయన చేతే కోయించండి. మీ దడి బతికినట్టే.”



ఆ సాయంత్రమే నెస్టా ఎండుద్రాక్ష రొట్టెలు కాల్చి, గుడ్డలో చుట్టుకుని, లోయ దాటి వెళ్లింది. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకుంది.

తలుపు తీసింది ఎమ్రిస్ మేనకోడలు లోరి.

“మామయ్య పోయి నెల దాటిందండీ.”

చేతిలో రొట్టెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

“దడి బతికిందని చెప్పిపోదామని వచ్చానమ్మా.”

“ఏ దడి? హేజెల్ పొలం దడా?” లోరి కళ్లు చెమర్చాయి. “చివరి రోజుల్లో కూడా దాన్నే వల్లె వేసేవాడు. ఒక హాలీ, మూడు హేజెల్, ఒక అడవి యాపిల్...”

“పరాయివాళ్ల పొలం, అంత బాగా ఎలా గుర్తుందమ్మా ఆయనకి?”

 లోరి గోడ మీది ఫొటో తీసి చేతికిచ్చింది. “పంతొమ్మిదేళ్లప్పటిది. మొదటి ఉద్యోగం.”

ఫొటోలో వేళ్లు పైకి తేలిన హాలీ చెట్టు, దాని వెనక పసుపు పచ్చ యంత్రం, ఆ యంత్రం మీద ఎత్తైన సీట్లో, ఇంకా మీసాలు కూడా సరిగ్గా రాని ఎమ్రిస్.