మూల నుంచి మొదలెట్టిన సీలింగు

"ఆ పలక మార్చాలి," అన్నాడు ఇంటాయన, బల్ల మీద వెల్లకిలా పడుకునే.

నిచ్చెన మీదున్న సీలింగ్ మేస్త్రి కిందికి చూశాడు. పొద్దుట్నించి ఇది నాలుగోసారి. ఆ బల్లని సెల్లార్ గది మూలకి లాక్కోవడం, చెప్పులు విడిచి దాని మీద కాళ్ళు బారజాపుకోవడం, పైకి చూసి ఏదో ఒక వంక పెట్టడం. ఇరవై రెండేళ్ళుగా మేస్త్రి ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో కప్పు కింద కప్పు వేలాడదీస్తున్నాడు. నిలబడి సతాయించేవాళ్ళని చూశాడు, కుర్చీలో కూర్చుని సతాయించేవాళ్ళని చూశాడు. పడుకుని సతాయించే పెద్దమనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు.

"ఏమైంది సార్ దానికి?"

"మరకుంది. కుడి పక్క అంచుకి."

ముక్కు ఆనించినంత పని చేస్తే గాని మేస్త్రికి కనపడలేదు. గోడౌన్లో ఎప్పుడో తడి తగిలిన పలక. ఈగ వాలినంత మరక.

"సీలింగుకేసి ఎవరు చూస్తారు సార్? పైనున్న పైపులూ వైర్లూ కనపడకపోతే చాలు. అందుకేగా వేయించుకునేది."

"మా ఆవిడ చూస్తుంది."

"మేడమ్ గారా?"

"తన కంట్లో పడిందంటే ఇంక రోజంతా దాన్నే చూస్తుంది. మార్చెయ్యండి. అయిదింటికి వచ్చేస్తుంది. ఆలోగా మొత్తం అయిపోవాలి."

నిచ్చెన పట్టుకున్న మేస్త్రి బావమరిది నవ్వాపుకోలేక దగ్గాడు. "మా అక్క కూడా అంతే సార్. రోజంతా మా బావ తప్పులే చూస్తుంది."

ఇంటాయన నవ్వలేదు. లేచి, వాచీ చూసుకుని, మెట్లెక్కి పై వాటాలోకి వెళ్ళిపోయాడు.

"పెళ్ళామంటే అంత హడలేంటి బావా ఈయనకి?"

"కొంతమంది పుట్టుకే అంత. మూడు రోజుల్నించి చూస్తున్నావుగా. గది నడిమధ్య నుంచి మొదలెట్టి రెండు పక్కలా సమంగా కోసుకుపోవాలి, అదీ పద్ధతి. కాదట. ఈ మూల నుంచి మొదలెట్టాలట. ఇక్కడ నిండు పలకలు పడాలట. అటు గుమ్మం దగ్గర బెత్తెడు ముక్కలొచ్చినా ఫర్వాలేదట. గదిలో అడుగుపెట్టినవాడు మొదట చూసేది ఆ ముక్కల్నే. తిట్టేది ఈయన్ని కాదు, నన్ను."

"చెప్పలేకపోయావా?"

"చెప్పా. మంచం ఈ మూల వేస్తాం అన్నాడు. వేస్తే? మంచమెక్కినవాళ్ళు నిద్రపోతారా, పలకలు లెక్కపెట్టుకుంటారా?"

"లైటూ అంతేగా. మధ్యలో వద్దు, కళ్ళల్లో పడుతుంది, గోడవారకి జరపమన్నాడు."

"సాదా పలకలు చూపిస్తే ఏమన్నాడు? చిల్లులున్నవి కావాలి, చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలిగా అన్నాడు. ఆ చిల్లుల్లో ఏం చూసుకుంటారో మొగుడూ పెళ్ళాలు."

ఇల్లు వాలు నేల మీద కట్టింది. అందుకే సెల్లార్ లోంచి పెరట్లోకి తిన్నగా దారి ఉంది. ఆ పెరటి తలుపుకేసి గడ్డం చూపించాడు బావమరిది. "గోడ పగలగొట్టించి మరీ గుమ్మం రెండింతలు చేశారు. ఆవిడ ఎంత లావుంటుందో."

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

"వ్యాన్లో ఇంకో పలకుంది, తేనా బావా?"

"ఎందుకు? ఆయన పెళ్ళానికి ఆయన భయపడితే మధ్యలో మన కాళ్ళరగడం దేనికి?"

మేస్త్రి పలకని పైకెత్తి, ఏటవాలుగా తిప్పి కిందికి దించాడు. జేబులోంచి సుద్దముక్క తీసి మరక మీద గీసి, బొటనవేలితో మెదిపి, ఉఫ్ మని ఊదాడు. అదే పలకని అదే చోట కూర్చోబెట్టాడు.

"తడి మరక బావా అది. సుద్ద నిలవదు. నెల తిరక్కుండా మళ్ళీ పైకి తేలుతుంది."

"తేలనీ. ఆవిడ ఈయన్ని నాలుగు దులుపుతుంది. ఆ వేడుక చూడ్డానికి మనం ఉండం, అదొక్కటే లోటు."

ఇంటాయన దిగి వచ్చాడు. "మార్చారా?"

"కొత్తది వేశాం సార్."

అయిదోసారి బల్లెక్కాడు. ఈసారి చాలాసేపు లేవలేదు. తల అటూ ఇటూ తిప్పకుండా, రెప్ప వెయ్యకుండా పైకే చూస్తూ ఉండిపోయాడు. "బాగుంది," అన్నాడు చివరికి. లేస్తూ చొక్కా చేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు.

మేస్త్రికి ఒళ్ళు మండింది. మగవాడై పుట్టి, పలక బాగుందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడా?

"మేడమ్ గారు ఒక్క మాట కూడా అనరులెండి సార్," అన్నాడు దీర్ఘం తీస్తూ.

"అనదు," అన్నాడు ఇంటాయన.

అయిదు కాకముందే పెరటివైపు బండి వచ్చి ఆగిన చప్పుడైంది. ఇంటాయన ఆదరాబాదరాగా పరిగెత్తి తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, బయటికి వెళ్ళాడు. బావమరిది సామాను సంచీ భుజానికెత్తుకున్నాడు.

"పోదామా బావా?"

"ఉండరా. ఇంత మొగుణ్ణి ఇట్టా ఆడించే మహాతల్లి ఎలా ఉంటుందో చూసి పోదాం."

మేస్త్రి చేతులు కట్టుకుని, గోడకి చేరగిలబడి, పెదవి చివర ఓ నవ్వు సిద్ధం చేసుకున్నాడు.

"ఇదిగో, ఇంటికొచ్చేశాం," అంటున్నాడు ఇంటాయన పెరట్లో, భార్యతో. "నీ గది ఎట్లా చేయించానో చూద్దువుగాని."

మేస్త్రి గుమ్మంకేసి చూశాడు.

స్ట్రెచర్ మీద లోపలికొచ్చిన ఆవిడలో కదులుతున్నవి కళ్ళు రెండే.