నాలుక కింద పట్టీ

నా పసికూతురు హన్విక నాలుక కింద పెట్టిన పట్టీ ఎర్రబడుతుందేమోనన్నదే నా అన్నిటికన్నా పెద్ద భయం. మెదడులో గడ్డ మొదలవగానే దాని ఆర్‌ఎన్‌ఏ తునకలు ఉమ్మిలోకి వస్తాయని, అవి తగిలితే పట్టీ ఎర్రబడుతుందని నర్సమ్మ చెప్పింది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకు అర్థమయ్యేది రంగు ఒక్కటే. ఇప్పుడు పళ్లు తోముకున్నాక ఊరంతా పట్టీ పెట్టుకుంటోంది.

ఈ పొద్దున హన్విక పట్టీ ఎర్రబడింది. బిడ్డను ఎత్తుకుని కేకేశాను.

"ఏమైందే?" అంటూ అత్తయ్య వచ్చింది. ఆవిడ దవడ ఇంకా ఆడుతోంది.

"ఏం నములుతున్నారత్తయ్యా?"

"ఎండుకొబ్బరి. పిల్లదానికి పళ్లు రాలేదుగా, నమిలి పెట్టా. నీ మొగుణ్ణీ అట్టాగే పెంచా!"

బిడ్డ నోరు కడిగి, పాలు పట్టి, కాసేపాగి ఇంకో పట్టీ పెట్టాను. తెల్లగానే ఉంది. బిడ్డను గుండెకు హత్తుకున్నాను. అప్పుడు వెలిగింది నాకు.

"అత్తయ్యా, మీరు రోజూ పట్టీ పెట్టుకుంటున్నారా?"

"ఈ వయసులో నాకెందుకే? నావి కూడా దానికే దాచా."

"నోరు తెరవండి."

"చాల్లే, డాక్టరమ్మా!" అని నవ్వుతూనే తెరిచింది. నాలుక కింద పట్టీ పెట్టాను. పట్టీ ఎర్రబడింది.

ఆవిణ్ణి ఆసుపత్రి లోపలికి తీసుకెళ్లారు. నేను బయట కూర్చుని ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దావిడ పట్టీ పెట్టుకుంటోందో, దాచిపెడుతోందో, దయచేసి ఇప్పుడే వెళ్లి చూడండి.