అక్క వాటా

“ఆ ముసలి గొర్రెకి ఆయాసం తగ్గిందా?” తమ్ముడు గడపలో అడుగుపెట్టగానే అక్క అడిగింది.

మంద పంపకాల్లో మంచివన్నీ ఏరుకుని, నాలుగు బక్క గొర్రెపిల్లలతో పాటు ఆ రొప్పే గొర్రెను ఆమె మొహాన కొట్టాడు వాడు. అది అంటురోగమనీ, విడిగా కట్టకపోతే మందంతా పోతుందనీ పశువుల డాక్టరు ఆమెతో చెప్పాడు. దాని వెనక కాళ్లు పైకెత్తి, ముక్కులోంచి నీరు కారడమే ఆ రోగానికి గుర్తని చూపించాడు కూడా. ఆ సంగతి కడుపులో దాచుకుని, తాను సాకలేనంటూ పోయినేడాది ఆ గొర్రెను వాడి మందలోకే తోలేసింది.

“ఎక్కడక్కా! ఇప్పుడు ఇంకొన్ని దగ్గుతున్నాయి.”

“అయ్యో పాపం,” అంది. ప్రాణం హాయిగా ఉంది.

“నీ ఉసురే తగిలింది. నీకు అన్యాయం చేశాను. అందుకే నా మందలోకెల్లా మేలైన పొట్టేలును తెచ్చాను. వద్దంటావని పొద్దున్నే నీ దొడ్లో వదిలేశాను.”

అక్క దొడ్లోకి పరుగెత్తింది. పొట్టేలు ఆమె గొర్రెల మధ్య తొట్టిలో మూతి పెట్టి తింటోంది. బలమంతా పెట్టి దాని వెనక కాళ్లు పైకెత్తింది. ముక్కులోంచి నీరు బొటబొటా తొట్టిలోకి కారింది.

వెనకే వచ్చిన తమ్ముడు ఆ నీటిని చూశాడు. తర్వాత అక్క మొహం చూశాడు.

“కాళ్లెత్తి చూడాలని నీకెలా తెలుసక్కా?”