వదిన పక్కబట్టలు

దుప్పటి లాగగానే ఆయా ముక్కుకు కట్టిన గుడ్డ బిగించుకుంది. రబ్బరు షీటు గుంటలో ఉచ్చ నిలిచి ఉంది.

"నిన్న కిటికీ పక్క మంచం. ఇవాళ గోడవారది. ఒక్కటి చాలదా పెద్దమ్మా, రెండూ కంపు చెయ్యాలా?"

తడిలో పడుకున్న వదిన పక్కకు ఒత్తిగిలింది. వృద్ధాశ్రమంలోని ఆ గదిలో ఉండేది ఇద్దరే, వదినా ఆడపడుచూ. ఆడపడుచు ఎదుటి మంచం మీద పొడి దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"మా అన్నయ్య అదృష్టవంతుడు, ముందే పోయాడు," అంది. "ఛీ వదినా! నీకంటే పసిపిల్లలు నయం."

"ఆడపడుచు అర్ధమొగుడంటారు. తిట్టనివ్వు తల్లీ," అంది వదిన ఆయాతో.

ఆయాకి ఆడపడుచంటేనే గురి. ఆవిడ మనుషుల పేర్లు మర్చిపోతుందే గానీ శుభ్రం మర్చిపోలేదు. రోజూ తను డ్యూటీకి వచ్చేసరికే ఆవిడ నైటీ ఉతికి కిటికీకి ఆరేసి ఉంటుంది.

పక్కబట్టలు ఎత్తుతుంటే చేతి తొడుగు దాటి తడి మణికట్టుకు తగిలింది. ఎంత సబ్బు రుద్దినా ఆ వాసన వదల్లేదు. ఆయా తిన్నగా నర్సు దగ్గరికి వెళ్ళింది.

"నావల్ల కాదు సిస్టర్. ఆ పక్క తడిపే ఆవిణ్ణి వెనక వార్డుకి పంపెయ్యండి."

"వేళకి బాత్రూముకి తీసుకెళ్తున్నావా?"

"పిలిస్తే రాదండీ. 'నాకక్కర్లేదు, మా ఆడపడుచుని తీసుకెళ్ళు' అంటుంది. మొండిఘటం."

వెనక వార్డులో డైపరు కట్టి, మంచానికి అటూ ఇటూ కడ్డీలు ఎత్తేస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి ముందు గదులకు రాలేదు. సాయంత్రం చక్రాల కుర్చీ చూడగానే వదిన ఆయా చెయ్యి పట్టుకుంది. ఆయా చెయ్యి లాక్కుని చీరకు తుడుచుకుంది.

"నీ కాళ్ళు పట్టుకుంటా తల్లీ, నన్నిక్కడే ఉంచు. అది నేను లేకుండా ఉండలేదు."

"నీతో ఉండలేకే చస్తోంది!"

"తీసుకుపో. పీడా విరగడవుతుంది," అంది ఆడపడుచు.

ఆ రాత్రికి ఆయా గదంతా ఫినాయిలు పెట్టి కడిగి, రెండు మంచాలకూ కొత్త పరుపులు వేయించింది.

మర్నాడు ముక్కుకు గుడ్డ కట్టుకోకుండానే వచ్చింది. గడప దగ్గరే ఆగిపోయింది. అదే కంపు. కిటికీకి ఇవాళ ఆరేసిన నైటీ లేదు.

లోపల ఆడపడుచు అరుస్తోంది.

"ఛీ వదినా! మళ్ళీ పోశావా?"

గదిలో ఇంకెవరూ లేరు.