కంచె అవతలికి

"నీ తోటలో పండు ఈగలు నా జామతోట మీద పడినాయి! పచ్చికాయల్లోనూ పురుగులే!" కంచె దగ్గర నిలబడి ఓబులేసు అరిచాడు.

అవతల ఖాసింబీ రాలిన పండ్లను గుంతలో పూడుస్తోంది. "ఈగలు మితిమీరి, పండ్లు చాలకుంటేనే పచ్చికాయల్ని కుడతాయి అన్నా."

"వాటిని పెంచింది నువ్వే!"

"దినామూ నువ్వు కంచె మీంచి ఇసిరే కుళ్లుపండ్లు కూడా నేనే పూడుస్తాంటి. పోయిన నెలంతా నంద్యాల ఆసుపత్రిలో ఉంటి. పూడ్చేవాళ్లు లేక, ఆ కుళ్లుపండ్లలోనే ఈగలు పెరిగినాయి."

ఆమె చూడలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాడు ఓబులేసు.

ఖాసింబీ పారను కంచె మీదుగా అతని కాళ్ల దగ్గరికి విసిరింది. "ఇంగ నీవి నువ్వే పూడ్చుకో."

ఇవాళ విసరడానికి తెచ్చిన బకెట్టు ఇంకా అతని చేతిలోనే ఉంది.