మడత వంతెన

"వంతెనా? తోపుడు బండి మీదా?"

హిస్కె గరిటె పట్టుకున్న చేతిని నడుం మీద పెట్టుకుని మరీ నవ్వింది.

కాలువ గడ్డకట్టిందంటే చాలు, ఆవిడ గట్టు మీద పొయ్యి పెట్టి సోంపు వేసిన పాలు కాచి అమ్ముతుంది. మంచు మీద జారడానికి వచ్చే నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్ జనమంతా ముందు ఆ పొయ్యి చుట్టూనే మూగుతారు. ఆ గుంపులోకే బండి తోసుకుంటూ వచ్చాడు ఆ కొత్త మనిషి. బండి నిండా కర్ర చట్రాలు, వాటిని కలుపుతూ ఇనుప మడతబందులు.

"విప్పితే అవతలి గట్టు దాకా అందుతుందమ్మా. మడిస్తే బండిలో పడి ఉంటుంది. ఊరికొకటి ఉంటే మంచిది."

"మా ఊళ్లో మనుషుల కంటే వంతెనలే ఎక్కువ బాబూ! ఇంకోటి తెచ్చుకుని చంటిపిల్లలా బండిలో తిప్పుకోమంటావా?"

అందరూ గొల్లుమన్నారు.

కాలువ మీద మంచు ఊడ్చే టీమెన్ చీపురుకి ఆనుకుని అందుకున్నాడు.

"నాకు పనికొస్తుంది వదినా! తాగి ఇంటికెళ్లేటప్పుడు ఎక్కడ పడబోతే అక్కడ పరుచుకుంటా."

కొత్త మనిషి కూడా నవ్వేశాడు. "చూపిస్తా ఉండండి" అని లాగాడు.

వంతెన సగం విచ్చుకుని బిగుసుకుపోయింది. బూటు కాలితో తన్నితే కీచుమంది కానీ కదల్లేదు.

"ఇక మడిచెయ్ నాయనా, దానికీ చలేస్తోంది" అంది హిస్కె. "వంతెనల సంగతి తర్వాత, ముందు మెడకో మంచి మఫ్లర్ కొనుక్కో. అదేం గుడ్డయ్యా? ఎలుకలు కూడా ముట్టవు!"

అసలు రంగేమిటో తెలియనంతగా వెలిసిపోయి, చివర్ల అతుకులు పడిన మఫ్లర్ అది. అతను దాన్ని గబుక్కున కోటులోకి దోపుకున్నాడు.

"వెచ్చగానే ఉంటుందమ్మా."

పాలు అడగలేదు. ఆవిడా పొయ్యలేదు.

అప్పుడే కాలువ మీంచి కేక వినిపించింది.

హిస్కె ఒక్కగానొక్క కొడుకు వైబ్రెన్ స్కేటింగ్ పందెం కోసం సాధన చేస్తూ మంచు విరిగి నీళ్లలో పడ్డాడు.

బాతుల కోసం ఊరివాళ్లు ఓ చోట మంచు పగలగొట్టి నీళ్లు తెరిచి ఉంచుతారు. పక్కనే చెట్టుకొమ్మ గుచ్చి పెడతారు, ఎవరూ అటు పోకుండా. పందెం దారి అద్దంలా ఉండాలని టీమెన్ ఆ పొద్దున మంచుతో పాటు కొమ్మనీ ఊడ్చేశాడు. రాత్రి పేరుకున్న పలచటి పొర గట్టి మంచులాగే కనిపించింది.

వైబ్రెన్ చేతులు అంచు పట్టుకున్నాయి. పట్టుకున్న అంచల్లా విరుగుతోంది.

నిచ్చెన తెచ్చారు. అందలేదు. ఒకడు అడుగు ముందుకేస్తే కాలి కింద మంచు పటపటమంది.

"ఒరేయ్ వైబ్రెన్!" హిస్కె గొంతు చించుకుంది. "నిన్ను ఊయల్లో వదిలేసి, ఎవరో పడవవాళ్ల పిల్లాణ్ని కాపాడి మీ నాన్న ఈ నీళ్లలోనే పోయాడు! నువ్వు కూడా పోతే నాకెవర్రా!"

"తప్పుకోండి!"

కొత్త మనిషి బండి తోసుకుంటూ గట్టు అంచుకి వచ్చాడు. వంతెనని ఒక్క తన్ను తన్నాడు. రెండోసారి తన్నాడు. ఈసారి చట్రాలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుని మంచు మీద పరుచుకున్నాయి.

అతను బోర్లా పడుకుని దాని మీద పాకాడు. వంతెన పాత మంచంలా ఊగింది.

"నీళ్లు చూడకు తమ్ముడూ. నన్ను చూడు. ఆఁ... చెయ్యివ్వు!"

ఇద్దరూ గట్టు తాకారో లేదో, ఫెళ్లుమని వంతెన రెండు ముక్కలైంది. ఒక ముక్క మునిగిపోయింది.

"అయ్యో, ఒక్కసారికే విరిగిపోయిందే!" అన్నారెవరో.

అతను మంచులో వెల్లకిలా పడి, రొప్పుతూ, కళ్లలో నీళ్లతో నవ్వుతున్నాడు.

"ఆ ఒక్కసారి కోసమే చేశాలెండి."

లేచి, తన మఫ్లర్ తీసి వణుకుతున్న వైబ్రెన్ మెడకి చుట్టాడు.

ఆ తర్వాత హిస్కె ఇంటి నిండా జనమే. కాళ్లు రుద్దేవాళ్లు, కంబళ్లు కప్పేవాళ్లు. వైబ్రెన్ పళ్లు టకటకలాడిస్తూ, "అమ్మా, పాలల్లో చక్కెర తక్కువైంది" అనేసరికి హిస్కె వాడి వీపు మీద ఒక్కటిచ్చి, అమ్మయ్య అనుకుంటూ భోరున ఏడ్చింది.

అప్పుడు గుర్తొచ్చాడు అతను.

"టీమెన్, ఆ అబ్బాయికి గుక్కెడు పాలైనా పోశారా?"

"ఎక్కడ వదినా! ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. నావల్లే ఇంత పనీ జరిగిందని ఏడుస్తుంటే నన్నే ఓదార్చాడు. పేరేమిటయ్యా అంటే చెప్పలేదు. 'ఆ ఇంటికి నేను బాకీ, ఇప్పుడు కాస్త తేలికగా ఉంది' అన్నాడు."

"మనకేం బాకీ? పిచ్చి మారాజు! కొత్త మఫ్లర్ అల్లి ఉంచుతాను, మళ్లీ వస్తే ఇద్దాం."

కొలత కోసం, పొయ్యి దగ్గర ఆరుతున్న పాత మఫ్లర్ ఒళ్లో పరిచింది. వేడికి అతుకు కుట్టు ఊడి, కింద అంచు బయటపడింది.

నీళ్లతో బతికే ఆ ఊళ్లో ప్రతి ఇల్లాలూ మొగుడి ఉన్నిబట్టల అంచున తన ఇంటి అల్లిక వేస్తుంది, నీట పోతే శవాన్నైనా పోల్చుకోవచ్చని. ఒక ఇంటి అల్లిక ఇంకో ఇంట్లో ఉండదు.

ఆ అంచున చేపముల్లు, దాని మధ్య చిన్న నక్షత్రం.

హిస్కె వేళ్లు ఆగిపోయాయి.

పెళ్లయిన కొత్తలో భర్త కోసం తను అల్లిన ఆ మఫ్లర్ ఇన్నేళ్లూ తననుకున్నట్టు నీళ్లలో కొట్టుకుపోలేదు. ఆనాటి పడవవాళ్ల పిల్లాడి మెడలో భద్రంగా ఉండి, ఈవేళ ఇల్లు చేరింది.