అట్టముక్కకి గుచ్చిన బోల్టులు

టీవీలో క్రేను కొక్కెం వదిలేసింది.

నిక్షేపంలాంటి పాత కారు ఒకటి పైనుంచి జారి, సిమెంటు నేలమీద పడి పచ్చడైపోయింది.

షోలో జనం చప్పట్లు కొట్టారు. షెడ్డులో మెకానిక్ చేతిలోని నూనెగుడ్డ ఎగిరి టీవీ మొహాన పడింది.

"తగలెయ్య. ఇది బండ్ల షోనా, బండ్ల శ్మశానమా?"

"ఆ మరక తుడిచేది నేనే కదా," అంది భార్య. ఆమె మూలన పీట వేసుకుని రిపేరుకొచ్చిన నర్సమ్మ కారు బోల్టులు ఒక్కొక్కటే కిరసనాయిలులో కడుగుతోంది. "ఇక చూడనని పోయిన ఆదివారమే ఒట్టేశారు."

"ఎప్పటికైనా బుద్ధొస్తుందేమోనని చూస్తున్నా."

ఇరవై రెండేళ్లుగా వస్తోంది ఆ షో. మొదట్లో మూలపడ్డ బండి తెచ్చేవాళ్లు. విప్పి, బాగుచేసి, నడిపి చూపించేవాళ్లు. మెకానిక్ పని నేర్చుకున్నదే అది చూసి. బుర్రమీసాలతో ఒకాయన చెబుతుంటే నోరు తెరుచుకుని చూసేవాడు. ఆయన బొమ్మ, చేతిలో పానాతో, షెడ్డు గోడమీద ఇప్పటికీ ఉంది. మెకానిక్ ఆయన్ని గురువు అంటాడు.

ఆ గురువే ఇప్పుడు క్రేను కింద నిలబడి ఇకిలిస్తున్నాడు.

అసలే మెకానిక్ తల వేడెక్కి ఉంది. షెడ్డు తెరిచిన రోజు వచ్చిన మొదటి బండి నర్సమ్మదే. దానికిప్పుడు ఏదో శబ్దం. మూడు రోజులుగా ఇంజను పైమూత విప్పి వెతుకుతున్నా దొరకలేదు. రేపు పొద్దున ఇవ్వకపోతే పెద్ద కంపెనీ వర్క్‌షాపుకి తోలుకుపోతానంది.

"బాబూ, పనేమైనా ఉందా?"

గుమ్మంలో అరవై దాటిన మనిషి. మాసిన చొక్కా, చంకలో సంచి.

"ఏం వచ్చు?"

"బండ్లు చూస్తా." ముసలాయన గడ్డంతో టీవీ వైపు చూపించాడు. "ఆ షోలోనే చేశా, పద్దెనిమిదేళ్లు."

అగ్గిమీద గుగ్గిలం పడ్డట్టయింది.

"అక్కడా? ఏం చేశావ్, క్రేను తోలావా, పెట్రోలు పోసి అంటించావా?"

"బాగుచేసేవాణ్ణి. ఆ తర్వాత అక్కర్లేదన్నారు." ముసలాయన గొంతు పెంచలేదు. "బాగుచెయ్యాలంటే మనిషి కావాలి బాబూ. పగలగొట్టడానికి క్రేను చాలు."

భార్య తలెత్తి చూసింది. ఆమె చేతిలోంచి ఓ బోల్టు జారి దొర్లింది.

ముసలాయన వంగి తీశాడు. బల్లమీద అట్టముక్క ఉంది. దానిమీద ఇంజను బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడ విప్పారో అక్కడే గుచ్చి ఉంది. ఆయన ఎవరినీ అడక్కుండా ఆ బోల్టుని దాని చోట గుచ్చేశాడు. ఎడమ బొటనవేలి గోరు నడిమికి రెండుగా చీలి ఉంది. బండ్ల దగ్గర చితికిన గోళ్లు మెకానిక్‌కి కొత్తేం కాదు.

"ఈ పద్ధతి ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు ముసలాయన.

"అదిగో, మా గురువు." మెకానిక్ గోడమీది బొమ్మ చూపించాడు. "ఆయన చేతులు చూసే అంతా నేర్చుకున్నా. బంగారంలాంటి మనిషి. నీలాంటోళ్లు చుట్టూ చేరి చెడగొట్టారు."

ముసలాయన బొమ్మకేసి చాలాసేపు చూశాడు. చిన్నగా నవ్వాడు.

"నవ్వెందుకు? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోడానికి ఇంకో షెడ్డు చూసుకో. నడు."

"మంచినీళ్లన్నా తాగి వెళ్లనివ్వండి," అంది భార్య.

"పగలగొట్టేవాళ్లకి నా షెడ్డులో నీళ్లు కూడా లేవు."

ముసలాయన సంచి సర్దుకున్నాడు. రెండడుగులు వేసి, కారు దగ్గర ఆగాడు.

"దీనికేమైంది తల్లీ?"

"మలుపు తిరిగితే టక్‌టక్‌మంటోంది అన్నయ్యా."

"నువ్వు నోర్ముయ్," అన్నాడు మెకానిక్.

ముసలాయన వంగి కారు కిందికి చూశాడు. "శబ్దం ఇంజనుది కాదు బాబూ. ఇంజను కూర్చునే రబ్బరు తెగింది. ఇనుము, ఇనుము రాసుకుని మెరుస్తోంది చూడు."

"నాకు చెప్పొచ్చావా?" అని మెకానిక్ సర్రున షట్టరు సగానికి దించేశాడు.

కోపం దిగేసరికి సాయంత్రమైంది. అప్పుడు కారు కింద దూరాడు. భార్య చూసి, చూడనట్టు ఊరుకుంది.

రబ్బరు తెగి ఉంది. ఇనుము మెరుస్తోంది.

కొత్త రబ్బరు వేసి, ఇంజను మూసి, వీధి చివర మలుపు తిప్పుకొచ్చాడు. చప్పుడు లేదు.

కారు దిగినవాడు దిగినట్టే ముసలాయన కోసం పరుగెత్తాడు. రోడ్డు చివరి షెడ్డువాడు తల అడ్డంగా ఊపాడు.

"నన్నూ పని అడిగాడు. నీ షెడ్డులోంచి రావడం చూశా. నువ్వే వద్దన్నాక నేనెలా పెట్టుకుంటా? నాలుగు గంటల బస్సెక్కినట్టున్నాడు."

"ఏ ఊరి బస్సు?"

"నేనడగలేదు. పేరూ అడగలేదు."

మెకానిక్ తిరిగొచ్చేసరికి భార్య గురువు బొమ్మ ముందు నిలబడి ఉంది.

"ఏమండీ, ఇన్నేళ్లుగా ఈ బొమ్మ తుడుస్తున్నా. ఈయన చేతులకి ఒక్క గీత లేదు చూడండి. పానా కూడా తిరగేసి పట్టుకున్నాడు."

"నీకేం తెలుసు?" అన్నాడు. గొంతులో మునుపటి ఊపు లేదు.

బీరువాలోంచి పాత క్యాసెట్టు తీసి పెట్టాడు. మొదటి ఏడాది షో. వందసార్లు చూసిందే.

గురువు మొహం మాట్లాడింది. తర్వాత చేతులొచ్చాయి, పని చేశాయి. మళ్లీ మొహం. మళ్లీ చేతులు. మొహమూ చేతులూ కలిసి ఒక్కసారి కూడా రాలేదు.

మెకానిక్ క్యాసెట్టుని అక్కడే ఆపాడు. టీవీమీద ఎండిన నూనెమరకని చొక్కాతో తుడిచి, దగ్గరికి వంగాడు.

బోల్టుని అట్టముక్కకి గుచ్చుతున్న ఆ ఎడమ బొటనవేలి గోరు, నడిమికి రెండుగా చీలి ఉంది.